కరెంటు వైరు మార్చినచో పాట తియ్యనగునా?



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చాల చిన్నది. ఇంటిలో పాటలు వినిపించు పెట్టెకు గోడనుండి కరెంటు తెచ్చు నల్లని వైరు ఒకటి యుండును గదా! పొడవు మూడు నాలుగు మూరలకు మించదు. ఆ వైరును తీసివేసి, దానికి మారుగా వేలకొలది రూపాయల వెలగల వైరును తగిలించినచో పాట మఱింత తియ్యగా వినవచ్చునని కొందఱు చెప్పుచున్నారు. ఈ మాట నిజమా? నిజము కానిచో ఆ ధనమును ఎచ్చట వెచ్చించిన ఫలము కలుగును? ఇదియే నేటి ప్రసంగము.

ఇది పట్టణవాసుల విలాసమని త్రోసివేయవలదు. పట్టణములందో పరదేశములందో ఉద్యోగము చేయు బిడ్డలు పండుగకు వచ్చినప్పుడు తల్లిదండ్రుల కొక పాటల పెట్టెను, రెండు స్పీకర్లను తెచ్చి అమర్చిపోవుట నేడు పల్లెలయందును కానవచ్చుచున్నది. ఇంటర్నెట్టు ద్వారా పాతపాటలు, పూర్వపు విద్వాంసుల కచేరీలు కోరినంతనే ఇంటికి వచ్చుచున్నవి. దీనినే స్ట్రీమింగు అందురు. ఆకాశవాణి కార్యక్రమములను సైతము ఈ మార్గమున వినవచ్చును. పాటలు వచ్చిన దారినే వర్తకుల సలహాలును వచ్చుచున్నవి.

కొన్ని నెలల క్రిందట నా మిత్రులొకరు నాయొద్దకు వచ్చిరి. ఆయన చిరకాలము ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. సంగీతమనిన ఆయనకు ప్రాణము. కుమారుడు తెచ్చియిచ్చిన పెట్టెలో ప్రతిదినము తెల్లవాఱుజామున త్యాగరాజస్వామివారి కృతులు వినుట ఆయనకు నియమము. కాని పాట వెనుక సన్నని మ్రోత యొకటి, తుమ్మెద రొదవంటిది, విడువక వినవచ్చుచుండెనట. పట్టణమున ఒక దుకాణమువారు ఈ సంగతి విని, "మీ వైరు మంచిది కాదు. పదునెనిమిది వేల రూపాయల వైరొకటి మావద్ద నున్నది. అది తగిలించినచో మ్రోత పోవుటయే గాక గాత్రమునకు నిండుదనము కూడ వచ్చును" అని చెప్పిరట. "ఇది నాకు సగము నెల పింఛను. కొనవలయునా, మానవలయునా?" అని ఆయన నన్నడిగిరి. ఆ మ్రోత యేమైనదో చివరకు చెప్పెదను. ముందుగా ఆయన ప్రశ్నకు సమాధానము వెదకుదము.

వైరు మహిమను గూర్చిన మాటను మనబోటి పెద్దవారు త్వరగా నమ్ముటకు ఒక కారణము కలదు. అది మన అనుభవమే. మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీనను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమైనవి. ఆ తరువాతి కాలమున ఊరికొకటి రెండుగా రేడియోలు వచ్చినప్పుడు ఇంటికప్పుమీద రెండు వెదురుగడలు నిలిపి వాని నడుమ ఏరియలు తీగను కట్టెడివారు. మఱియొక తీగను పెరటిలో తడినేల చూచి పాతెడివారు. ఏరియలు తెగినచో పాట నీరసించెడిది. నేలతీగ ఊడినచో గరగర హెచ్చెడిది. తీగను సవరించినంతనే పాట తేటపడెడిది. అందుచే "తీగ బాగుండిన పాట బాగుండును" అను మాట మన మనస్సులలో నాటుకొనిపోయినది.

ఆ మాట ఆనాటి ఏరియలు తీగకు సత్యమే. ఆ తీగ ఆకాశమునుండి వచ్చు మిక్కిలి బలహీనమగు రేడియో తరంగమును పట్టి పెట్టెలోనికి దింపెడిది. పాటయే ఆ తీగలో ప్రవహించెడిది. అందులకే దాని పొడవు, దాని యెత్తు, దాని అతుకులు అన్నియు పాటపై ప్రభావము చూపెడివి. కాని గోడనుండి వచ్చు కరెంటు వైరులో పాట లేదు. ఆనాటి రేడియోలోనైనను లేదు, ఈనాటి పెట్టెలోనైనను లేదు. దానిలో నుండునది పెట్టెను పనిచేయించు బలము మాత్రమే. ఈ రెండు తీగల నడుమనున్న భేదమును మఱచుటయే ఈ భ్రమకు మూలము.

అట్లయిన స్ట్రీమింగులో పాట ఏ రూపమున వచ్చుచున్నది? లెక్కల రూపమున. గాయకుని కంఠధ్వని గాలిలో పుట్టించు కదలికను యంత్రము సెకనుకు వేలకొలది పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసియుంచును. కాంపాక్టు డిస్కు అనబడు పళ్లెములలో ఈ కొలత సెకనుకు 44,100 మారులు జరుగును. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లుగల కొలబద్ద నుపయోగింతురు. ఈ అంకెలనే నేడు ఇంటర్నెట్టు ద్వారా మన యింటికి పంపుచున్నారు. స్థలము కలిసివచ్చుటకై చెవి అంతగా గుర్తింపని వివరములను కొంత తగ్గించి పంపుటయు కలదు.

పంపు విధానము తపాలా రిజిష్టరు ఉత్తరమువంటిది. అంకెలను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లముపై వరుస సంఖ్యను, తప్పు పట్టుకొనుటకు తగిన సరిచూపు లెక్కను వ్రాసి పంపుదురు. ఒక పొట్లము దారిలో పోయినచో, లేక చెడినచో, మన పెట్టె దానిని గుర్తించి "మరల పంపుడు" అని కబురంపును. సరియైన పొట్లము చేరిన తరువాతనే అది వాడుకకు వచ్చును. ఇట్లు చేరినవానిని గాదెలో ధాన్యము పోసినట్లు కొంత నిలువచేసికొని, పెట్టె ఆ నిలువనుండి పాటను వినిపించును. నెట్టు మందగించి గాదె వట్టిపోయినచో పాట నడుమ ఆగును. కొన్ని సంస్థలవారు అట్టి వేళ పాట ఆగకుండుటకై తక్కువ వివరముగల అంకెలను పంపుదురు. అప్పుడు పాట నాణ్యము నిజముగనే తగ్గును. కాని ఆ లోపమునకు కారణము నెట్టు. కరెంటు వైరు వెండిదైనను రాగిదైనను ఆ పొట్లములలోని అంకె ఒక్కటియు మారదు. కరణముగారి చిట్టాను కాలినడకను పంపినను కారులో పంపినను అందలి శిస్తు లెక్క మారదు గదా!

అయితే ఒక ప్రశ్న మిగులును. అంకెలు చేరిన పిమ్మట వానిని మరల విద్యుత్తరంగముగా మార్చవలయును. ఆ తరంగమును ఆంప్లిఫయరు పెంచవలయును. అప్పుడే స్పీకరు కదలి ధ్వని పుట్టును. ఈ పనులన్నిటికిని కరెంటు కావలయును. "కరెంటు శుద్ధముగా నున్నచో పాటయు శుద్ధముగా నుండును గదా?" అని వర్తకుడు అడుగును. ప్రశ్న న్యాయమైనదే. కావున కరెంటు లోపల ఏమగుచున్నదో చూతము.

మన గోడ సాకెట్టులో లభించు కరెంటు 230 వోల్టులది. అది ఒకే దిక్కున ప్రవహింపదు; సెకనుకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచుండును. ఈ ఊగులాడు కరెంటుతో పాటల పెట్టెలోని సున్నితమగు భాగములు పనిచేయజాలవు. అందుచే పెట్టెలో అడుగిడినంతనే కరెంటునకు రూపాంతరము జరుగును. మొదట దాని వోల్టేజిని తగ్గింతురు. పిదప డయోడులను ద్వారపాలకులచేత దానిని ఒకే దిక్కునకు మరలింతురు. కొన్ని పెట్టెలలో ఈ రెండు పనుల వరుస మాఱియుండును. అటు పిమ్మట కెపాసిటరులను తొట్టులలో నింపి దాని అలలను అణచుదురు. కడపట వోల్టేజిని నిలుకడచేయు భాగముగుండ పంపి 12 వోల్టులో, 5 వోల్టులో, 3.3 వోల్టులో, ఏ భాగమునకు ఎంత కావలయునో అంత కొలిచి యిత్తురు. వైరుగుండ వచ్చిన ఊగులాట ఆ రూపముననే పాటను చేరుట కాదు. పెట్టె దానిని కరగించి క్రొత్తగా పోతపోసికొనుచున్నది.

మన గానుగను తలచుకొనుడు. ఎద్దు తిరుగును, మోకు లాగును, రోకలి త్రిప్పిన నువ్వులు నలిగి నూనె వచ్చును. మోకు తెగినచో గానుగ ఆగును. మోకు సన్ననిదై చీకిపోయినచో ఎప్పుడో తెగి ఎవరినైన గాయపఱచును. కావున మోకు గట్టిదిగా నుండవలయును. కాని మోకును పట్టుతో పేనినంతమాత్రమున నూనెకు సువాసన వచ్చునా? నూనె రుచి నువ్వులలో నున్నది, రోటిలో నున్నది, గానుగవాని నేర్పులో నున్నది. పాటల పెట్టెకు కరెంటు వైరు ఆ మోకువంటిది.

ఇది ఉపమానము మాత్రమే కాదు, లెక్కయు ఇట్లే చెప్పును. పెట్టెతో వచ్చు సాధారణమగు రాగి వైరు లోపలి మందము ముప్పాతిక చదరపు మిల్లీమీటరనుకొందము. పొడవు మీటరున్నర యనుకొందము. పోవుటకొక తీగ, వచ్చుటకొక తీగ గనుక మొత్తము మూడు మీటర్ల రాగి. దీని నిరోధము ఓములో నూటికి ఏడు వంతులు. నూరు వాట్లు త్రాగు ఆంప్లిఫయరు 230 వోల్టులవద్ద అర ఆంపియరుకంటె తక్కువయే తీసికొనును. ఈ రెంటిని గుణించినచో వైరులో నష్టమగు వోల్టేజి ఒక వోల్టులో నూటికి మూడు వంతులు, అనగా 230లో ఏడువేల వంతులలో ఒక వంతు. ఎంత వెలగల వైరు వేసినను మిగులునది ఇంతకు మించదు. మన పొరుగున ఒక రైతు బోరుమోటారు వేసినంతనే వోల్టేజి ఇంతకు అనేక రెట్లు పడిపోవుచున్నది. అయినను పాట చెదరుట లేదు. ఏలయన పెట్టె లోపలి భాగము ఆ హెచ్చుతగ్గులను తానే సరిదిద్దుకొనుచున్నది. పెక్కు పెట్టెలమీద "100 నుండి 240 వోల్టులు" అని ముద్రించియుండుటను మీరే చూడవచ్చును.

మఱియు ఆ కరెంటు మన యింటికి ఏ దారిని వచ్చినదో ఆలోచింపుడు. ఎక్కడనో పుట్టి, కోసులకొలది దూరము అల్యూమినియము తీగలమీద పయనించి, 11,000 వోల్టుల లైనునుండి ఊరి ట్రాన్స్‌ఫార్మరులో దిగి, స్తంభములవెంట వచ్చి, మీటరు దాటి, గోడలోని తీగలగుండ సాకెట్టు చేరినది. ఇంత దారి సామాన్యపు తీగయందు నడచినదానికి కడపటి మీటరున్నరలో పట్టుబాట పఱచిన లాభమేమి?

"కరెంటులో మోటార్ల, ఫ్యాను రెగ్యులేటర్ల చెత్త చేరుచున్నది, మంచి వైరు దానిని వడకట్టును" అనియు చెప్పుదురు. చెత్త చేరుట నిజమే. మిక్సీ త్రిప్పినప్పుడు పాత రేడియోలో గరగర వినని వారెవరు? కాని వడకట్టుటకు వడపోత భాగములు కావలయును. అవి పెట్టెలోపలనే యుండును. మీటరున్నర రాగితీగ జల్లెడ కాజాలదు. ఇంటిలో మ్రోతకు నిజమగు కారణమైన వస్తువొకటి మాత్రము చెప్పెదను. కరెంటు పోయినప్పుడు పనిచేయు ఇన్వర్టరులలో చవుకరకమువి కొన్ని మెట్లుమెట్లుగా నుండు మొరటు కరెంటును ఇచ్చును. అట్టి వేళ ఫ్యానులు గుఱ్ఱుమనును, స్పీకర్లు మ్రోగును. సైన్ వేవ్ ఇన్వర్టరని పేరుగలది వాడినచో ఈ బాధ యుండదు. ఇన్వర్టరు కొనువారు ఈ పేరు చెప్పి అడుగుట మేలు.

ఇంత చెప్పినను, "నేను క్రొత్త వైరు వేసి నా చెవులతో వింటిని, పాట మారినది" అని ప్రమాణపూర్వకముగ చెప్పువారు కలరు. వారు అబద్ధమాడుచున్నారని నేననను. వినుట చెవితోనే కాక మనస్సుతోడను జరుగు పని. వెల పెట్టి కొన్న వస్తువు మేలు చేయునని మనస్సు ముందుగనే ఎదురుచూచును. వైరు మార్చిన పిమ్మట మనము శ్రద్ధగా కూర్చుండి విందుము; నిన్నటివఱకు గమనింపని గమకమొకటి ఈనాడు చెవినిబడును; ఆ కీర్తి వైరునకు పోవును. ధ్వని ఏ కొంచెము హెచ్చినను అది "మంచి ధ్వని"గా తోచుట మానవ స్వభావము.

కావున చెవిని పరీక్షించుటకు ఒక న్యాయమగు మార్గము కలదు. అది వైరు కనబడకుండ వినుట. 2004 డిసెంబరులో అమెరికా దేశమున ప్రకటితమైన ఒక పరీక్షలో సంగీతపరికరములపై మక్కువగలవారే కూర్చుండి, సాధారణపు వైరు ఏదో, వెలగల వైరు ఏదో చూడకుండ విని చెప్పిరి. మొత్తము 149 పర్యాయములు పరీక్షింపగా 73 మారులు మాత్రమే సరిగా చెప్పగలిగిరి. నాణెమెగురవేసి బొమ్మయో బొరుసో చెప్పినను ఇంచుమించు అంతయే సరిపోవును గదా!

మీ యింటిలోనే ఈ పరీక్ష చేయవచ్చును. దుకాణమువారిని ఆ వైరును రెండుదినములు అరువడుగుడు. నమ్మకముగల వర్తకుడు తప్పక యిచ్చును. మీరు పెట్టెకు వీపు త్రిప్పి కూర్చుండుడు. ఇంటిలోని పెద్దపిల్లవాడొకడు నాణెమెగురవేసి, బొమ్మ పడిన పాత వైరును, బొరుసు పడిన క్రొత్త వైరును తగిలింపవలెను. ప్రతిమారు స్విచ్చి ఆర్పిన తరువాతనే ప్లగ్గును తీయవలెను. ధ్వని హెచ్చుతగ్గుల మీటను ముట్టరాదు. ఒకే పాటలోని ఒకే చరణమును వినుడు. ఇట్లు 16 మారులు చేసి, మీరు చెప్పినదానిని పిల్లవాడు వ్రాసికొన్నదానితో సరిచూడుడు. 12 గాని అంతకు మించి గాని సరిపోయినచో ఆలోచింపవలసినదే. వట్టి ఊహచేత అన్ని సరిపోవుట నూటికి నాలుగు పర్యాయములు మాత్రమే జరుగును. ఎనిమిది తొమ్మిది దగ్గఱ నిలిచినచో ఆ ధనము మీ పెట్టెలోనే ఉండుగాక!

అయితే కరెంటు వైరును గూర్చి అసలే పట్టించుకొనవలదా? వలయును. పాట కొఱకు కాదు, ప్రాణము కొఱకు. పైతొడుగు పగిలినను, ఎలుక కొఱికినను, ప్లగ్గు వేడెక్కినను, నల్లబడినను, సాకెట్టులో వదులుగా కదలాడినను ఆ వైరును వెంటనే మార్చవలెను. ఐ.ఎస్.ఐ. ముద్రగల వైరు కొన్ని వందల రూపాయలకే లభించును, అది చాలును. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టి వాడరాదు. ఉఱుములు మెఱుపులు వచ్చునప్పుడు ప్లగ్గును ఊడదీసి యుంచుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు. మూడు కాళ్ల ప్లగ్గులో ఒక కాలు తక్కిన రెంటికంటె లావుగను పొడవుగను ఉండుటను మీరు చూచియుందురు. అదియే ఎర్తు కాలు. ప్లగ్గు పెట్టునప్పుడు అది అన్నిటికంటె ముందు తగులుటకును, తీయునప్పుడు కడపట విడుచుటకును అట్లు పొడవుగా చేసిరి. పెట్టె లోపల ఏ తీగయైనను ఊడి లోహపు తొడుగునకు తగిలినచో, ఆ కరెంటు మన శరీరముగుండ పోక, ఈ దారిని భూమిలోనికి పోవును. ఫ్యూజు తెగి ప్రమాదము తప్పును. కాని మన యిండ్లలో తఱచుగా జరుగుచున్నదేమి? సాకెట్టునకు మూడు రంధ్రములుండును. మూడవ రంధ్రము వెనుక తీగయే యుండదు. ఇల్లు కట్టునాడు నాలుగు రూపాయలు మిగుల్చుకొనుటకు విడిచిపెట్టినదానిని ఇరువదియేండ్లైనను ఎవ్వరును చూడరు. కొన్ని యిండ్లలో తీగ యున్నను, ఎర్తు గొయ్యి ఎండిపోయి పనిచేయదు.

పెట్టె కొన్ని రెండు కాళ్ల వైరుతోడనే వచ్చును. దాని వెనుక చతురస్రములో చతురస్రము గీసిన గుర్తున్నచో అది రెండు పొరల రక్షణతో చేయబడినదని అర్థము. దానికి ఎర్తు అక్కఱలేదు. ఆ గుర్తు లేక మూడు కాళ్ల వైరుతో వచ్చినదానికి ఎర్తు ఉండియే తీరవలెను. మ్రోత పోవునని కొందఱు ఎర్తు కాలును విఱిచివేయుదురు. ఇది కడు ప్రమాదకరము. రెండు పరికరములు రెండు వేఱు చోట్ల ఎర్తుకు తగిలియున్నప్పుడు వాని నడుమ మ్రోత పుట్టుట కద్దు. దానికి మందు ఎర్తును తెంచుట కాదు. ఆ రెంటిని ఒకే స్విచ్చిబోర్డునకు తగిలించుటయే.

ఇంక ధ్వని మెఱుగగుటకు ఏమి చేయవలయునో చెప్పెదను. మొదటి పనికి కానియైనను ఖర్చు లేదు. స్పీకర్లను గది మూలలనుండి రెండడుగులు ఇవతలికి జరుపుడు. మూలలో నున్నచో మంద్రస్వరములు మితిమీఱి పొంగి గాత్రమును మ్రింగివేయును. మీరు కూర్చుండు చోటునకు రెండు స్పీకర్లును సమానదూరమున, మీ చెవుల యెత్తున ఉండునట్లు చేయుడు. రెండవది గది. సున్నపు గోడలు, నాపరాతి నేల, కాంక్రీటు కప్పు గల ఖాళీ గదిలో చప్పట్లు చఱచి చూడుడు. ఆ చప్పుడు మాఱుమ్రోగుచున్నచో పాటయు అట్లే మాఱుమ్రోగి మాటలు తెలియకపోవును. అట్టి గదిలో పఱుపు, మందపు తెర, పుస్తకముల బీరువా వంటివి ఉంచినచో ధ్వని నెమ్మదించును. మూడవది, పాటను పంపు సంస్థవారి ఏర్పాటులలో నాణ్యము హెచ్చుగా నుండునట్లు మనుమలచేత ఎంపిక చేయించుకొనుడు. నాలుగవది, ఇన్ని చేసినను తృప్తి లేనిచో, అప్పుడు ధనము స్పీకర్ల కొఱకు వెచ్చింపుడు. మన చెవికి తగులు ధ్వనిని పుట్టించునవి అవియే గనుక వానిలోని భేదము కన్నులు మూసికొన్నను తెలియును.

ఇప్పుడు నా మిత్రుని సంగతి. నేను వారింటికి పోయితిని. చేతిలో టెస్టరున్నది, పెట్టె లోహపు తొడుగునకు తాకించితిని, దీపము మినుకుమినుకుమని వెలిగెను. "తాకినప్పుడు చేయి జిల్లుమనుచుండును, పెట్టె స్వభావమనుకొంటిని" అని ఆయన యనిరి. ఆ యింటిలో నాలుగేండ్ల మనుమరాలున్నది. తడి చేతులతో వచ్చి పాట మార్చుమని ఆ పెట్టెనే పట్టుకొని నిలుచునట. ఆ మాట వినగనే నాకు మ్రోత సంగతి మఱపునకు వచ్చెను.

మఱునాడు ఊరిలోని అనుభవశాలియగు ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. సాకెట్టు విప్పగా మూడవ రంధ్రము వెనుక తీగ లేదు. పెరటిలో ఇల్లు కట్టిననాటి ఎర్తు గొయ్యి యున్నది. కాని దానికి నీరు పోసి ఎన్నియేండ్లైనదో ఎవరికిని తెలియదు. బొగ్గు, ఉప్పు వేసి, నీరు పోసి, ఆ గొయ్యిని బాగుచేయించిరి. అటనుండి సాకెట్టునకు పచ్చతీగ వేయించిరి. మీటరు ప్రక్క, 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారితప్పినను తనంతట తాను ఆరిపోవు రక్షణ స్విచ్చిని కూడ పెట్టించిరి. అంతయు కలిపి ఆ వైరు వెలలో మూడవ వంతైనను కాలేదు. పెట్టెను మరల వెలిగింపగా మ్రోత లేదు. తొడుగున చేరిన కరెంటు భూమిలోనికి పోవు దారి లేక పాటలోనికి చొఱబడుటయే ఆ మ్రోతకు కారణమైనది. స్పీకర్లను మూలలనుండి జరిపితిమి. పెట్టెతో వచ్చిన పాత వైరుతోడనే ఆ సాయంకాలము కూర్చుండి వింటిమి. ఇన్నాళ్లు ఆ మ్రోతలో కలిసిపోయి వినబడని తంబురా శ్రుతి స్పష్టముగ వినవచ్చెను.

శ్రోతలారా! పదునెనిమిది వేల వైరు కొనియుండినచో ఏమగును? దానికిని మూడు కాళ్లే యుండును. దాని మూడవ కాలును ఆ వట్టి రంధ్రములోనే దూరెడిది. మ్రోతయు పోదు, ఆ బిడ్డకు ప్రమాదమును తప్పదు.

కావున నా మనవి యిది. పాట కొఱకు కరెంటు వైరు మార్చకుడు. రేపు ఉదయము మీ యింటి సాకెట్టులలో మూడవ రంధ్రము వెనుక తీగ యున్నదో లేదో తెలిసిన పనివానిచేత చూపింపుడు. మీరు స్వయముగ విప్పవలదు. వేసవిలో ఎర్తు గొయ్యిలో నీరు పోయుట మఱవకుడు. మీ ఊరి బడిలోను, పంచాయతీ కార్యాలయములోను, దేవాలయపు మైకుసెట్టువద్దను ఇదే పరీక్ష చేయింపుడు. ఈ పని పెద్దలైన మీరు చెప్పినచో జరుగును.